కరువు చంపిన చేపలేనా? - మెనిండీపై రెండు నివేదికలు

ఆస్ట్రేలియా ఆగ్నేయ భాగంలో మర్రే, డార్లింగ్ అనే నదులు కలిసి ఒక విశాలమైన పరీవాహక ప్రాంతాన్ని ఏర్పరుస్తున్నవి. దాని వైశాల్యం పది లక్షల చదరపు కిలోమీటర్లకు పైమాట. మన గోదావరి పరీవాహక ప్రాంతానికి మూడు రెట్లు మించినది. కాని అందులో పారే నీరు గోదావరి నీటిలో మూడోవంతు కూడా ఉండదు. డార్లింగ్ నది మర్రేలో కలవటానికి ముందు, దాని ఒడ్డున మెనిండీ అనే చిన్న ఊరు, ఆ ఊరి పక్కన అదే పేరుగల సరస్సులు ఉన్నవి. 2018 డిసెంబరు మధ్యలో ఒకసారి, 2019 జనవరి మొదటి వారంలో మరొకసారి, ఆ నెల చివర ఇంకొకసారి, ఈ సరస్సుల దిగువన సుమారు 40 కిలోమీటర్ల మేర నదిలో చేపలు గుట్టలు గుట్టలుగా చచ్చి తేలినవి. లక్షల సంఖ్యలో చచ్చినవని కొందరి అంచనా. పది లక్షలు దాటినవని మరికొందరి అంచనా.

చచ్చినవాటిలో అధికభాగం బోనీ హెర్రింగ్ అనే సాధారణమైన చేప. అంతటితో పోయినట్లయితే ఇది వార్తాపత్రికల సంగతిగానే మిగిలేది. వాటి నడుమ గోల్డెన్ పెర్చ్, సిల్వర్ పెర్చ్, మర్రే కాడ్ కూడా ఉన్నవి. సిల్వర్ పెర్చ్‌ను ఆ దేశపు చట్టం తీవ్రంగా అంతరించే ప్రమాదమున్న జాతిగా గుర్తించినది. మర్రే కాడ్‌ను ప్రమాదానికి లోనైన జాతిగా గుర్తించినది. మర్రే కాడ్ సామాన్యమైన చేప కాదు. నూరు కిలోలకు మించిన బరువు తూగినవి పూర్వం దొరికినవి. 48 ఏళ్లు బ్రతికినట్లు లెక్క తేలిన చేప కూడా ఒకటి ఉన్నది. కనుక ఆ జనవరిలో ఒడ్డుకు కొట్టుకు వచ్చిన పెద్ద కాడ్‌లు అంతకు ముందు వచ్చిన కరువులను, కనీసం ఒక దానిని, దాటి వచ్చినవే. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకొని తక్కిన కథ చదవాలని పాఠకులకు నా మనవి.

ఈ ఘటనపై రెండు ముఖ్యమైన నివేదికలు వెలువడినవి. మొదటిది ఆస్ట్రేలియా విజ్ఞానశాస్త్ర అకాడమీది. అప్పటి ప్రతిపక్ష నాయకుడు బిల్ షార్టెన్ కోరగా, జీవపరిణామ శాస్త్రజ్ఞుడు క్రెయిగ్ మోరిట్జ్ అధ్యక్షతన ఒక సంఘం దానిని 2019 ఫిబ్రవరిలో సమర్పించినది. రెండవది కేంద్ర ప్రభుత్వం నియమించిన స్వతంత్ర సంఘానిది. దీనికి అధ్యక్షుడు రాబ్ వెర్టెసీ. ఆయన నీటిశాస్త్రజ్ఞుడు, వాతావరణ శాఖకు పూర్వం అధిపతిగా పనిచేసినవాడు. ఈ సంఘం తొలి నివేదికను ఫిబ్రవరిలోనే ఇచ్చి, తుది నివేదికను ఏప్రిల్‌లో ప్రకటించినది. ఒకే మరణాన్ని రెండు సంఘాలు పరీక్షించటం విజ్ఞానశాస్త్రంలో తరచు దొరికే అవకాశం కాదు. అందువలన రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే, కరువు అనే మాటను శాస్త్రజ్ఞులు ఎట్లా వాడుతున్నారో, ఆ మాట ఎక్కడ పనికివస్తున్నదో, ఎక్కడ అడ్డం వస్తున్నదో తెలుస్తుంది.

చేపలు ఎట్లా చచ్చినవనే ప్రశ్నకు రెండు నివేదికలూ చెప్పే జవాబు దాదాపు ఒకటే. ముందు దానిని చూద్దాం.

ఒక లీటరు మంచినీరు 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును తనలో ఇముడ్చుకోగలదు. 30 డిగ్రీల వద్ద ఏడున్నరకు మించి ఇముడ్చుకోలేదు. నీరు వేడెక్కేకొద్దీ చేపకు ప్రాణవాయువు మరింత కావాలి, నీటిలో ఉన్నదేమో తగ్గుతూ వస్తుంది. ఇది మొదటి ఇబ్బంది. రెండవది నీరు పొరలు కట్టటం. నది పారుతున్నంత సేపు పై నీరు, అడుగు నీరు కలగలిసిపోతూ ఉంటవి. ప్రవాహం ఆగి నది మడుగులుగా విడిపోయినప్పుడు పై నీరు ఎండకు వేడెక్కి తేలికై పైనే నిలుస్తుంది. చల్లని నీరు అడుగున ఉండిపోతుంది. డార్లింగ్ నీరు బురద రంగుది, వెలుతురు లోతుకు దిగదు. అడుగున కుళ్లే ఆకు అలము, చచ్చిన నాచు అక్కడి ప్రాణవాయువును తినివేస్తవి. పైనుంచి కొత్తది చేరదు. పై పొరలో మాత్రం నీలి ఆకుపచ్చ నాచు విపరీతంగా పెరిగి పగలు ప్రాణవాయువును విడుస్తూ ఉంటుంది. చేపలన్నీ ఆ పలుచని పై పొరలోకి చేరి కాలం గడుపుతవి.

అప్పుడు చల్లగాలి వీస్తుంది. ఎండలకు తాళలేని మనిషికి అది హాయి, చేపకు అదే మృత్యువు. పై పొర చల్లబడి బరువెక్కి దిగుతుంది, అడుగు నీరు పైకి వస్తుంది, అంతా కలిసిపోతుంది. ఒక చిన్న లెక్క వేసుకుందాం. అయిదు మీటర్ల లోతు మడుగులో పై మీటరు నీటిలో లీటరుకు 8 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉన్నదనుకొందాం, కింది నాలుగు మీటర్లలో సున్న. కలిసిన తరువాత లీటరుకు మిగిలేది 1.6 మాత్రమే. నిజానికి అదీ మిగలదు, ఎందుకంటే అడుగు నుంచి లేచిన మురికి దానిలో కొంత హరిస్తుంది. పెద్ద చేపలు చాలావాటికి 2 మిల్లీగ్రాములు ప్రాణాల సరిహద్దు. 2019 జనవరి ఆస్ట్రేలియాలో అంతవరకు నమోదైన నెలలన్నింటిలోకి అత్యంత వేడి నెల. ఆ వేడి మధ్యలో హఠాత్తుగా చల్లబడిన రోజులలోనే చేపలు పోయినవి.

కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాలలో చేపల చెరువులు సాగుచేసే రైతులకు ఇందులో కొత్తేమీ ఉండదు. మబ్బు పట్టిన రోజు దాటి తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే వారు పరుగున వెళ్లి గాలి యంత్రాలు తిప్పుతారు, లేదా కొత్త నీరు పెడతారు. మెనిండీలోనూ గాలి యంత్రాలు పెట్టినారు. కాని వందల కిలోమీటర్ల నదిని చెరువు వలె కాపలా కాయటం సాధ్యమయ్యే పని కాదు.

ఇంతవరకు పేచీ లేదు. పేచీ అంతా తరువాతి ప్రశ్న దగ్గర వస్తున్నది: నది ఎందుకు ఆగినది?

కరువు వలన అని ఆనాడు ప్రభుత్వం తరఫున మాట్లాడినవారు చెప్పినారు. పరీక్షలో ఏ ప్రశ్నకైనా 'వర్షాభావం చేత' అని వ్రాసి బయటపడే విద్యార్థులను ఏటా చూస్తుంటాను. వారికి సగం మార్కులు ఇవ్వక తప్పదు, ఎందుకంటే అది అబద్ధం కాదు. వెర్టెసీ నివేదిక అంత సులభంగా తప్పించుకోలేదు. అది చెప్పిన కథ ఇది. 2012లోనూ 2016లోనూ మంచి ప్రవాహాలు వచ్చి సరస్సులు నిండినవి. చేపలు బాగా గుడ్లు పెట్టి సంఖ్య పెరిగినది. తరువాత వానలు పోయినవి. పెరిగిన చేపలు పైకి పోలేక, కిందికి పోలేక ఆనకట్టల మధ్య మడుగులలో చిక్కుకున్నవి. వేడి, నాచు, చల్లగాలి తక్కిన పని చేసినవి. ఈ వరుసలో నాకు అన్నిటికంటె విలువైనదిగా తోచినది ఆనకట్టల ప్రస్తావన. పూర్వం కరువు వచ్చినప్పుడు చేప లోతైన మడుగును వెతుక్కుంటూ పోయేది. ఇప్పుడు మడుగు దానికి దొరకటం లేదు, చేపే మడుగుకు దొరికిపోతున్నది. ఆ సంఘం చేపల కదలికకు దారులు కట్టమని గట్టిగా చెప్పటం సమంజసమే.

అయితే ఆ నివేదిక చదివేటప్పుడు ఒక వ్యాకరణ విషయం మనసును తాకుతుంది. వాన కురవలేదు, నీరు తగ్గినది, నది ఆగినది, పొరలు కట్టినవి. ఈ కథలో క్రియలన్నింటికీ కర్త ప్రకృతే. ఎగువన పత్తి సాగుకు తోడిన నీటిని ఆ సంఘం మరచిపోలేదు. దాని ప్రస్తావన ఉన్నది, లెక్కలు కొలవాలన్న సిఫారసూ ఉన్నది. కాని కారణాల వరుసలో దానికి వేసిన బరువు తక్కువ. రోగి చచ్చిన రాత్రి ఏం జరిగినదో నిమిషం నిమిషం వ్రాసి, అంతకు ముందు పదేళ్ల ఆహారం సంగతి ఒక పేరాలో ముగించిన వైద్యుని పత్రం వలె ఉన్నది అది.

అకాడమీ నివేదిక సరిగ్గా దీనికి ఎదురుగా నడుస్తుంది. కరువు తీవ్రమైనదే గాని ఇంతకు ముందు ఎరుగనిది కాదు, అంతకంటె ముఖ్యకారణం ఎగువన మితిమీరి నీరు మళ్లించటం అని దాని తీర్పు. సరస్సులనుంచి ముందే నీరు వదలివేయటం వలన ఆపదకు దాచిన నీరు లేకపోయినదని కూడా చెప్పినది. ఈ చివరి మాటకు కొంత వివరణ కావాలి. మెనిండీ సరస్సులలో నిల్వ 480 గిగాలీటర్లకు, అంటే మన లెక్కలో సుమారు 17 టీఎంసీలకు, పడిపోయేవరకు ఆ నీటిపై అధికారం మర్రే-డార్లింగ్ బేసిన్ అథారిటీది. ఆ తరువాత నిల్వ మళ్లీ 640 గిగాలీటర్లు దాటేవరకు న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రానిది. లోతు తక్కువైన ఆ సరస్సులలో నీరు విపరీతంగా ఆవిరైపోతుంది. అందుచేత అక్కడ నిల్వ ఉంచటం దండగ, ముందు ఆ నీటినే వాడేయాలి అనేది నీటి ఇంజనీరు తర్కం. దశాబ్దం తిరగకముందే ఆ సరస్సులు రెండుసార్లు నిండి రెండుసార్లు ఖాళీ అయినవి.

ఇంజనీరు తర్కంలో తప్పు లేదు, ఆయన పుస్తకంలో చేప లేదు, అంతే. గోల్డెన్ పెర్చ్ ఎక్కడో ఎగువన గుడ్లు పెడుతుంది. పుట్టిన పిల్లలు వరద నీటిలో వెయ్యి కిలోమీటర్లకు పైగా కొట్టుకువచ్చి ఈ లోతు తక్కువ, వెచ్చని, ఆహారం సమృద్ధిగా ఉన్న సరస్సులలో పెరుగుతవి. చేప చెవిలోని చిన్న రాయిని కోసి, అందులోని స్ట్రాన్షియం పాళ్లను బట్టి అది ఏ నీటిలో పుట్టినదో చెప్పవచ్చు. అట్లా పరీక్షించినప్పుడు మర్రే దిగువ భాగపు గోల్డెన్ పెర్చ్‌లలో డార్లింగ్‌లో పుట్టినవి బయటపడినవి. ఆవిరికి పోయే దండగ నీరు అని ఒకరు వ్రాసుకున్నది మరొకరి పురిటిల్లు.

అకాడమీ నివేదికలో ఈ జీవశాస్త్ర దృష్టి బలంగా ఉన్నది. కాని దాని తీర్పులోని ఒక అర్ధభాగాన్ని కాలం నిలబెట్టలేదని నిష్పాక్షికంగా చెప్పవలసి ఉన్నది. ఇంతకు ముందు ఎరుగని కరువు కాదు అని ఆ సంఘం వ్రాసినది 2019 ఫిబ్రవరిలో. ఆ సంవత్సరం గడిచేసరికి, 2017 నుంచి 2019 వరకు మూడేళ్ల వర్షపాతం ఆ పరీవాహక ప్రాంతంలో నమోదైనవాటిలోకెల్లా తక్కువగా తేలినది. కరువు ఇంకా నడుస్తుండగా దాని ఎత్తు కొలవటం, ఎదిగే పిల్లవాడికి చొక్కా కుట్టటం వంటిది. కొద్ది వారాలలో వ్రాసి ఇచ్చిన నివేదికకు ఈ తొందర సహజమే కావచ్చు. అయినా 'ఇప్పటివరకు' అన్న ఒక్క మాట చేర్చి ఉంటే ఆ వాక్యం నేటికీ చెల్లేది.

మరి రెండవ అర్ధభాగం, ఎగువ వాడకం సంగతి? దీనికి సాక్ష్యం మూడవ చోటినుంచి వచ్చినది. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రపు సహజ వనరుల సంఘం 2019లోనే బార్వాన్-డార్లింగ్ నదికి 2012లో చేసిన నీటి పంపిణీ ప్రణాళికను సమీక్షించినది. నదిలో ప్రవాహం తక్కువగా ఉన్నప్పుడు కూడా తోడుకోవటానికి ఆ ప్రణాళిక వెసులుబాటు ఇచ్చినది. దాని ఫలితంగా దిగువ నదికి కరువు మూడేళ్లు ముందుగా వచ్చిపడినదని ఆ సమీక్ష తేల్చినది.

ఈ వాక్యం దగ్గర కొంచెం ఆగాలి. కరువు మూడేళ్లు ముందుగా రావటమేమిటి? వాన ముందుగా ఎగ్గొట్టదు కదా. ఇక్కడ రెండు కరువులు ఉన్నవి. ఒకటి ఆకాశపు కరువు, వాన లేకపోవటం. రెండవది నది కరువు, నదిలో నీరు లేకపోవటం. మొదటిది రెండవదానికి కారణం కావచ్చు, కాని రెండింటికీ గడియారం ఒకటే కానక్కరలేదు. మంచి వానల ఏడాది చివర మిగిలిన చిన్న చిన్న ప్రవాహాలను తోడివేస్తే, ఆకాశంలో కరువు మొదలుకాకముందే నదిలో మొదలవుతుంది. పెద్ద వరదనుంచి తోడిన నీరు నదికి అంతగా తెలియదు. చిన్న ప్రవాహం నుంచి తోడిన నీరే దాని ఆయుర్దాయం. సెకనుకు అయిదారు సెంటీమీటర్ల మందగమనం ఉన్నా చాలు, నీరు పొరలు కట్టకుండా, నాచు పేరుకోకుండా చాలావరకు ఆగుతుందని అదే నదిపై పూర్వం జరిగిన పరిశీలనలు చెబుతున్నవి. 1991లో ఈ నదిలోనే సుమారు వెయ్యి కిలోమీటర్ల పొడవున నీలి ఆకుపచ్చ నాచు పట్టినది. ఆ తరువాత జరిగిన పరిశీలనలవి. అంటే 2018 నాటికి ఇది తెలియని విద్య కాదు.

రెండు నివేదికలూ ఈ రెండు కరువులను వేరుచేసే భాషను గట్టిగా పట్టుకోలేదన్నది నా ప్రధాన ఆక్షేపణ. వెర్టెసీ సంఘం ఆకాశంలోని కరువును చూపి నదిలోని కరువును వివరించబోయినది. అకాడమీ నదిలోని కరువును చూపి ఆకాశంలోని కరువును తగ్గించబోయినది. నిజానికి ఒకటి పెరిగినంత మాత్రాన రెండవది తగ్గవలసిన పని లేదు. వాన ఎంత తక్కువైతే, మిగిలిన చుక్కను తోడటం అంత పెద్ద తప్పవుతుంది. వాతావరణం మారి ఎండలు ముదురుతున్న కాలంలో ఈ గుణకారాన్ని కూడికగా చూడటం చేపలకు ఖరీదైన పొరపాటు.

కరువొక్కటే కారణమన్న మాటను 2023 మార్చి మరొక విధంగా పరీక్షించినది. అప్పుడు కరువు లేదు. 2022 చివర పెద్ద వరదలు వచ్చినవి, సరస్సులు పొంగినవి, బోనీ హెర్రింగ్ కోట్లలో పెరిగినది. వరద తీసిన తరువాత ఆ మెనిండీ దగ్గరే రెండు కోట్లనుంచి మూడు కోట్ల వరకు చేపలు చచ్చినవని అంచనా. మళ్లీ వేడి, మళ్లీ ప్రాణవాయువు లేమి, మళ్లీ పోవటానికి దారి లేని చేప. వెర్టెసీ సంఘం చెప్పిన 'చేపలు పెరిగి చిక్కుకుపోవటం' అనే సూత్రం ఇక్కడ చక్కగా సరిపోయినది. ఆ మేరకు దాని గౌరవం పెరిగినది. కాని కరువుకు ప్రథమస్థానం ఇచ్చిన దాని వరుస దెబ్బతిన్నది. కరువులోనూ వరదలోనూ మారకుండా ఉన్నది ఆనకట్ట ఒక్కటే.

ఈ మరణాలలో చివరికి లాభపడేది ఎవరు? మన చెరువులలో బంగారు తీగ పేరుతో పెంచే చేప అక్కడ పరాయి జాతి. చాలా చోట్ల నదిలోని చేపల బరువులో అధికభాగం దానిదే. ప్రాణవాయువు తక్కువైనా అది మర్రే కాడ్ కంటె బాగా ఓర్చుకోగలదు. ప్రతి కరువూ స్థానిక జాతులను జల్లెడ పట్టి దీనికి చోటు చేస్తున్నది. స్థానిక చేపలు ఐరోపావారి రాకకు ముందున్న సంఖ్యలో పదోవంతుకు దిగినవని ఆ పరీవాహక ప్రాంతపు చేపల సంరక్షణ ప్రణాళిక 2003లోనే అంచనా వేసినది.

ఇంకొక్క మాట చెప్పవలసి ఉన్నది. మెనిండీ చేపలు లోకానికి తెలిసినవంటే అవి పెద్దవి, తెల్లని పొట్టలతో తేలినవి, ఛాయాచిత్రాలకు అందినవి. కరువు అంతరింపజేసే జాతులలో చాలావాటికి ఆ భాగ్యం లేదు. ఇదే నదీవ్యవస్థలో, మర్రే సముద్రాన్ని చేరేచోట, అలెగ్జాండ్రినా అనే సరస్సు ఉన్నది. దాని అంచుల రెల్లు దుబ్బుల మధ్య యారా పిగ్మీ పెర్చ్ అనే చేప ఉండేది. పొడవు మన వేలెడు. 1997 నుంచి 2009 వరకు సాగిన దీర్ఘమైన కరువులో ఎగువనుంచి నీరు రాక ఆ సరస్సు మట్టం సముద్రమట్టం కంటె కిందికి, 2009 నాటికి దాదాపు ఒక మీటరు కిందికి, దిగిపోయినది. సరస్సు ఎండిపోలేదు. నడిమధ్య నీరు అప్పటికీ విస్తారంగానే ఉన్నది. అంచు మాత్రం వెనక్కి జరిగి రెల్లును పొడినేలపై వదిలేసినది, రెల్లుతోపాటే ఆ చేప ఇల్లు పోయినది. 2008 తరువాత అక్కడ అది సహజంగా కనిపించలేదు.

కొందరు శాస్త్రజ్ఞులు ముందుచూపుతో కొన్నిటిని పట్టి తొట్లలోనూ పొలాల చెరువులలోనూ పెంచినారు. నీరు తిరిగి వచ్చిన తరువాత 2011 నుంచి కొన్నేళ్లపాటు వాటి సంతతిని సరస్సులో వదిలినారు. అవి నిలవలేదు. ఆ పరీవాహక ప్రాంతంనుంచి పూర్తిగా పోయిన తొలి మంచినీటి చేప ఇదేనని 2022లో ప్రచురించిన ఒక అధ్యయనం నిర్ధారించినది. ఒడ్డున గుట్టలు పడలేదు, దుర్గంధం రాలేదు, సంఘాలు వేయవలసిన అవసరమూ ఎవరికీ తోచలేదు. వల వేసినప్పుడు అది పడకపోవటం ఒక్కటే దాని మరణానికి దొరికిన సాక్ష్యం.